ఆత్రపడే మనసు, తప్పుకునే మనసు

పసిపిల్లలు తమను పెంచేవాళ్లతో ముడిపడే తీరును చెప్పేది అనుబంధ సిద్ధాంతం (అటాచ్‌మెంట్ థియరీ). దాన్ని 1987లో మనస్తత్వవేత్తలు సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ పెద్దల ప్రేమకు వర్తింపజేశారు. ప్రేమలో కొందరు వదిలేస్తారేమోనని ఆత్రపడతారు, కొందరు దగ్గరితనం నుంచి తప్పుకుంటారు. అందరూ ఒప్పుకుని ఒకరికి మించి భాగస్వాములతో ఉండే బంధాల్లో ఆ తేడాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

ఆత్రపడే మనిషికి భాగస్వామి ఇంకొకరితో గడిపే సాయంత్రం ఎంతకీ గడవదు. వాట్సాప్‌లో లాస్ట్ సీన్ పదే పదే చూస్తాడు. కలిపిన అన్నం కంచంలోనే చల్లారిపోతుంది. "పదింటికి ఫోన్ చేస్తా" అన్న మాట పదింటికే నిలబడితే సగం గుబులు తగ్గుతుంది. వదిలేస్తారన్న భయమది, దయచేసి దాన్ని చాదస్తమనకండి.

తప్పుకునే మనిషి తేలిగ్గా నెగ్గుకొస్తున్నట్టే ఉంటుంది. అసూయే లేదంటుంది. కానీ ఒకరితో మాట పెరిగితే మరొకరి ఇంటికి వెళ్లిపోతుంది, గొడవ అక్కడే ఉండిపోతుంది. నాకు ఇదే ఎక్కువ కష్టమనిపిస్తుంది. ఆత్రం కన్నీళ్లతోనైనా బయటపడుతుంది, ఈ దూరం మాత్రం స్వేచ్ఛలా కనబడుతూ ఏళ్లు గడిపేస్తుంది.