నడుము నొప్పికి ఆస్టియోపతి: కొన్నేళ్లు చేయించుకున్నాక నా రేటింగ్

ఆస్టియోపతి అంటే కండరాలను, కీళ్లను చేతులతో నొక్కి, కదిలించి చేసే చికిత్స. నడుము నొప్పికి దానికి ఐదుకు నాలుగు ఇస్తాను. మెడకు మూడు. "శరీరం మొత్తాన్ని సమతుల్యంలోకి తెస్తాం" అని క్లినిక్కుల్లో గోడల మీద రాసే మాటకు మాత్రం ఒకటే.

నేనుండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో. ఐటీ ఉద్యోగం, రోజంతా కుర్చీ, ఇంటికొస్తే చంకలో పిల్లాడు. బాబు పుట్టాక మొదలైన నడుము నొప్పి తుంటి దాకా పాకింది. జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, పరీక్ష చేసి, స్కాన్ అక్కర్లేదు, మాత్ర వేసుకుని నడుస్తూ ఉండండి అన్నారు. ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఫిజియో కోసం వెయిటింగ్ లిస్టులో పేరైతే రాశారు గానీ పిలుపు రాలేదు. ఆస్టియోపతి ఇక్కడ దాదాపు అంతా ప్రైవేటే. ఆఫీసులో ఒకావిడ చెబితే వెళ్లాను.

మొదటిసారి సగం టైము ప్రశ్నలకే పోయింది. పాత దెబ్బలు, కాన్పు, నిద్ర, ఉన్నట్టుండి బరువు తగ్గానా, మూత్రానికి ఇబ్బంది ఉందా, అన్నీ అడిగారు. తర్వాత వంగమన్నారు, పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తారు, సుత్తితో మోకాళ్ల కింద తట్టారు. నేల మీద బాసింపట్టు వేసుకుని ఎలా కూర్చుంటానో, బాబును ఏ వైపు ఎత్తుకుంటానో కూడా చేసి చూపించమన్నారు. జీపీ దగ్గర పది నిమిషాల్లో ఇదంతా కుదరదు కదా.

మనవాళ్లలో ఆడవాళ్లు అడిగేది ఒకటుంది. అవును, చాలావరకు షార్ట్స్, స్పోర్ట్స్ బ్రా మీద పడుకోవాలి. మనిషి తోడు కావాలంటే ముందే చెప్పవచ్చు. మొదట్లో మా ఆయన గదిలోనే కూర్చున్నారు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

చికిత్స అంతా చేతులతోనే. వెన్నుకు అటూ ఇటూ ఉన్న కండరాలను నిదానంగా నొక్కడం, తుంటిని తిప్పడం, నన్ను వాళ్ల చేతికి ఎదురు నెట్టమని చెప్పి వదలడం. ఎప్పుడైనా పక్కకు పడుకోబెట్టి ఒక్క విసురు విసిరితే టప్పున శబ్దం వస్తుంది. పక్కకు జరిగిన ఎముక చోటికొచ్చిందని అందరూ అంటారు గానీ అది నిజం కాదు. కీలులోని ద్రవంలో గ్యాసు బుడగ ఏర్పడటం వల్ల వచ్చే చప్పుడు అది. మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ అదే. శబ్దం రాని రోజు కూడా నాకు నొప్పి అంతే తగ్గింది. మర్నాడు మాత్రం ఒళ్లంతా పచ్చిపచ్చిగా ఉంటుంది, ముఖ్యమైన మీటింగు పెట్టుకోకండి.

ఇక అసలు సంగతి. సెషన్ అయిన రెండు మూడు రోజులు నొప్పి బాగా తగ్గేది. ఆ రోజుల్లో బ్రిడ్జ్, క్యాట్-కౌ అనే నడుము వ్యాయామాలు చేసి, రోజూ నడిచిన నెలల్లో లాభం నిలబడింది. చెయ్యని నెలల్లో నొప్పి మళ్లీ మొదటికొచ్చింది, సెషన్‌కిచ్చిన యాభై అయిదు పౌండ్లూ పోయాయి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ కూడా 2016లో ఇదే చెప్పింది. నడుము నొప్పికి చేతి చికిత్స ఇవ్వవచ్చు, కానీ వ్యాయామంతో కలిపే ఇవ్వాలి. అంటే చేతులు నొప్పిని కాస్త పక్కకు తప్పిస్తాయి, ఆ సందులో కండరాన్ని మనమే బలపరచుకోవాలి.

నిద్ర మెరుగైంది, ఎందుకంటే నొప్పితో లేవడం లేదు. జీర్ణశక్తి, రోగనిరోధక శక్తి పెరుగుతాయని కూడా కొందరు చెబుతారు. నాకైతే ఏ తేడా కనిపించలేదు, జలుబులు ఎప్పటిలాగే వచ్చాయి.

మెడ దగ్గర విసురు వద్దన్నాను. చాలా అరుదే అయినా మెడ రక్తనాళం చీలి స్ట్రోక్ వచ్చే ప్రమాదం ఉందని వాళ్లే ముందుగా చెప్పారు, మెత్తని పద్ధతిలో చేశారు. తలనొప్పులు కొంత తగ్గాయి, పూర్తిగా పోలేదు.

అంతకుముందు ఇంకో క్లినిక్కుకు వెళ్లాను. అక్కడ నా నడుము సంగతి పక్కనబెట్టి, బాబు రాత్రిళ్లు ఏడుస్తున్నాడంటే పుర్రె మీద వేళ్లు ఆనించి చేసే క్రేనియల్ చికిత్స ప్యాకేజీ అమ్మజూపారు. దానికి గట్టి ఆధారాలు లేవు. ఏడ్చే పిల్లాడి తల్లికి ఏదైనా అమ్మవచ్చని వాళ్లకు బాగా తెలుసు! మళ్లీ అటు వెళ్లలేదు.

ఈ పద్ధతిని మొదలుపెట్టింది అమెరికా డాక్టరు ఆండ్రూ టేలర్ స్టిల్, 1874లో. మెనింజైటిస్‌తో (మెదడు పొరల వాపుతో) పిల్లలను పోగొట్టుకుని, ఆనాటి మందుల మీద నమ్మకం పోయినవాడు. 1892లో మిస్సోరిలోని కర్క్స్‌విల్‌లో కాలేజీ పెట్టాడు. అమెరికాలో ఆ దారి పూర్తి వైద్యంలో కలిసిపోయింది. డల్లాస్‌లో మా అక్క వాళ్ల ఫ్యామిలీ డాక్టరు పేరు పక్కన డీఓ (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) అని ఉంటుంది, ఆవిడ మందులు రాస్తుంది. ఇక్కడి ఆస్టియోపాత్ డాక్టరు కాదు, మందులు రాయరు. అయినా 1993 నాటి చట్టం వల్ల జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్‌లో నమోదు కాకుండా ఎవరూ ఆ పేరు పెట్టుకోకూడదు. వెళ్లే ముందు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు వెతకండి, రెండు నిమిషాల పని.

అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు "పుత్తూరు కట్టులాంటిదేనా, నాకూ చేయించవే" అంది. పుత్తూరులో విరిగిన ఎముకకు కట్టు కడతారు. ఇక్కడ ఎముక విరిగితే ముట్టుకోనే ముట్టుకోరు. అమ్మకు ఎముకలు గుల్లబారాయని తెలియగానే విసురు చికిత్స చెయ్యనన్నారు, డబ్బు కూడా తీసుకోలేదు. నాకు వాళ్ల మీద గురి కుదిరింది ఆ రోజే. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు కూడా ముందే చెప్పాలి. తొడల మధ్య తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం లేదా అదుపు తప్పడం, రెండు కాళ్లలో బలం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఆస్టియోపాత్ కోసం చూడొద్దు, నేరుగా ఎమర్జెన్సీకే పోవాలి.

హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు తనకూ ఇది వెతకమంటావా అని అడిగాడు. దగ్గర్లో వ్యాయామాలు నేర్పే మంచి ఫిజియో ఉంటే అక్కడికే వెళ్లమన్నాను.