ఫోన్లో లోపముంటే ఎవరికి చెబితే మేలు? స్టార్లా, జాబ్ షీటా, ఫోన్ లోపలి నుంచి పంపే రిపోర్టా

మా అమ్మ దగ్గర అరచేతిలో ఇమిడే పాటల ప్లేయర్ ఒకటుంది. మెమరీ కార్డులో తెల్లారుజామున వినడానికి అన్నమయ్య కీర్తనలు, సాయంత్రానికి పౌరాణిక నాటకాల పద్యాలు ఎక్కించి ఇచ్చాను. దాంట్లో ఒకే బటన్‌కి రెండు పనులు. నొక్కి వదిలితే తర్వాతి పాట వస్తుంది, నొక్కి పట్టుకుంటే సౌండు పెరుగుతుంది. డెబ్బై దాటిన వేళ్లకి ఆ తేడా అందదు. సౌండు పెంచబోయినప్పుడల్లా పద్యం ఎగిరిపోతుంది.

"ఒరే నాయనా, రాగం తీస్తా ఉండగానే పారిపోతా ఉందిరా ఇది. చేసినోళ్లకి ఒక మాట చెప్పు" అంది ఒకరోజు.

చేసినోళ్లకి చెప్పడం ఎట్టా అన్నదే ఇక్కడ నేను తేల్చుకోవాలనుకుంటున్నది. నెల్లూరులో ఒక కంపెనీ సర్వీస్ సెంటర్ కౌంటర్లో నాలుగేళ్లు కూర్చున్నాను. తర్వాత సొంతూరు ఒంగోలు వచ్చి కర్నూలు రోడ్డు పక్క సందులో రిపేరు షాపు పెట్టుకున్నాను. జనం చెప్పే మాట ఏ దారిలో పోతే ఎక్కడిదాకా చేరుతుందో రెండు వైపుల నుంచీ చూశాను. డబ్బు వెనక్కి రావడం, ఫోన్ మార్చి ఇవ్వడం వేరే సంగతి. నా కొలత ఒకటే: మనం చెప్పిన మాట, దాన్ని సరిచేయగలిగిన మనిషి దాకా రూపు చెడకుండా చేరుతుందా?

ఎక్కువ మంది ముందు చేసే పని కొన్న చోట స్టార్లు వేయడం. "వేస్ట్ ఫోన్, కొనబాకండి" అని ఒక్క స్టార్ ఇస్తే మనసు కుదుటపడుతుంది. రేపు కొనబోయేవాడికి అది నిజంగా పనికొస్తుంది, నేనూ చదివే కొంటాను. తయారుచేసినవాడికి మాత్రం దాంట్లో తీసుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. పార్శిల్ లేటయిందనీ, పెట్టె నలిగిందనీ, వారం తిరక్కుండా ధర తగ్గిందనీ, ఫోన్ వేడెక్కుతోందనీ అన్ని కోపాలూ ఆ ఒక్క స్టార్‌లోనే కలిసిపోతాయి. పైగా రివ్యూ రాసేది కొన్న మొదటి వారంలో. ఛార్జింగ్ పిన్ వదులయ్యేది, బ్యాటరీ ఉబ్బేది, స్పీకర్ గరగరలాడేది ఎనిమిది నెలల తర్వాత. అప్పుడు మళ్లీ వెనక్కెళ్లి ఆ రివ్యూ దిద్దేవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు. ఆన్‌లైన్ రివ్యూలు ఎట్టా సేకరించాలి, ఎట్టా చూపించాలి అని 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే భారత ప్రమాణం వచ్చింది. దొంగ రివ్యూలను ఆపడానికి అది మంచిదే. మన మాటని ఇంజినీరు బల్ల మీదికి తీసుకుపోవడం మాత్రం దాని పని కాదు.

ఇక సర్వీస్ సెంటర్. దీని గురించి కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే అక్కడ మాట ఎట్టా చెడుతుందో నా చేతులతోనే చేసి తెలుసుకున్నాను.

సముద్రం మీదికి వేటకెళ్లే ఒకాయన ఫోన్ తెచ్చాడు. "అబ్బాయ్, ఇది నీళ్లలో పళ్లేదు. రాత్రంతా పడవలో చొక్కా జేబులోనే ఉంటది. తెల్లారి ఒడ్డుకొచ్చి ఛార్జింగ్ పెడితే తేమ ఉందని గుర్తు చూపిస్తది. మధ్యాహ్నానికి ఎక్కుతది. ఇప్పుడు మూణ్ణెల్ల నుంచి అసలు ఎక్కడం లేదు" అన్నాడు. ఎంత విలువైన మాట! ఎక్కడ, ఎప్పుడు, ఎట్టా మొదలై ఎట్టా ముదిరిందో అంతా ఉంది దాంట్లో. నేను కంప్యూటర్లో ఏం చేశాను? లోపాల జాబితాలోంచి "ఛార్జింగ్ ఎక్కడం లేదు" అన్న కోడ్ ఎంచుకున్నాను. ఫోన్ విప్పితే లోపలి తెల్ల సీలు ఎర్రబడి ఉంది. నీళ్లు తగిలితే ఎర్రబడే సీలు అది. వెంటనే "వాటర్ డ్యామేజ్" అని రాశాను. అంతే, వారంటీ పోయింది. డబ్బు సంగతి అట్టా ఉంచండి. ఆ ఒక్క మాటతో అది ఫోన్ లోపం కాకుండా వాడినాయన తప్పు అయిపోయింది. ఉప్పు గాలికి ఆ పిన్ చిలుము పడుతోందని తెలుసుకోవాల్సినవాళ్లకి ఆ ఫోన్ లెక్కలోకే రాలేదు. ఈ పక్క కొత్తపట్నం నుంచి ఆ పక్క కృష్ణపట్నం దాకా తీరం పొడుగునా ఎన్ని ఫోన్లు ఇట్టాగే "నీళ్లలో పడ్డవి" అయిపోయాయో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

అయినా కౌంటర్లో మన ఫోన్ లోపం రాసుకునే కాగితం, అదే జాబ్ షీట్‌కి ఉన్న బలం ఇంకే దారికీ లేదంటాను. అక్కడ మార్చిన ప్రతి పార్టూ కంపెనీకి ఖర్చు. ఒకే మోడల్‌లో ఒకే ఛార్జింగ్ బోర్డు నెల్లూరులో, కావలిలో, ఒంగోలులో మళ్లీ మళ్లీ మారుస్తుంటే ఆ లెక్క ఎవరూ గొంతు చించుకోకుండానే పైకి పోతుంది. అందుకే కౌంటర్లో సంతకం పెట్టేముందు జాబ్ షీట్ చదవండి. లోపం రాసే గడిలో కోడ్ ఒక్కటే ఉంటే, కింద రిమార్కుల్లో మీ మాట మీ మాటగా రాయమనండి: "నీళ్లలో పడలేదు, సముద్రం ఒడ్డున వాడతాను, పొద్దునపూట తేమ గుర్తు వస్తుంది." రాయడానికి విసుక్కుంటారు, నేనూ విసుక్కున్నాను. అయినా అడిగితే రాస్తారు. కాపీ తీసుకోకుండా మెట్లు దిగబాకండి.

ఇంకో మాట, ఇది నా బేరానికి నష్టమే. వారంటీ ఉన్నన్నాళ్లు నాలాంటి బయటి షాపుకి తేబాకండి. నేను అరగంటలో పిన్ మార్చి ఇస్తాను, మీకు పని అయిపోతుంది. కానీ నా దగ్గర బాగుపడిన ఫోన్ కంపెనీ దృష్టిలో ఏనాడూ చెడిపోని ఫోన్.

మూడోది ఫోన్ లోపలి నుంచే పంపే రిపోర్టు. శాంసంగ్‌లో శాంసంగ్ మెంబర్స్ యాప్‌లో ఎర్రర్ రిపోర్టు ఉంటుంది. షావోమీ ఫోన్లలో సర్వీసెస్ అండ్ ఫీడ్‌బ్యాక్ అని ఉంటుంది. పిక్సెల్‌లో సెట్టింగ్స్‌లోనే దొరుకుతుంది. ఆపిల్‌కి తన సైట్‌లో ఫీడ్‌బ్యాక్ పేజీ ఉంది. వీటి గొప్ప ఏమిటంటే, మనం చెప్పలేనిది ఫోనే చెబుతుంది. యాప్‌లోంచి పంపే రిపోర్టుతో పాటు లాగ్ అనే చిట్టా కూడా పోతుంది. ఏ నిమిషంలో ఏ యాప్ నడిచింది, బ్యాటరీ ఎంత వేడెక్కింది అన్న ఆనవాళ్లు దాంట్లో ఉంటాయి.

చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైటు దిమ్మలు తోలే లారీ డ్రైవర్లు నా షాపుకి వస్తుంటారు. మే నెల మధ్యాహ్నం, అద్దం ముందు స్టాండులో ఫోన్, మ్యాప్ నడుస్తుంటుంది, ఛార్జింగ్ వైరు పెట్టి ఉంటుంది. స్క్రీను మసకబారుతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది. "హ్యాంగ్ అయింది" అంటారు. నిజానికి అది వేడికి ఫోన్ తనను తాను కాపాడుకోవడం. ఐఫోన్‌ని చుట్టూ 0 నుంచి 35 డిగ్రీల వేడి ఉన్నచోట వాడమని ఆపిలే రాసింది. ఒంగోలులో ఏప్రిల్ వచ్చిందంటే 35 ఎప్పుడో దాటిపోతుంది. "వేడెక్కుతోంది" అని రాస్తే గేమ్ ఆడి ఉంటాడులే అనుకుంటారు. "బయట 42 డిగ్రీలు, మ్యాప్, ఛార్జింగ్ కలిపి పెట్టిన ఇరవై నిమిషాలకి ఛార్జింగ్ ఆగింది, మూడు రోజులు వరసగా అంతే" అని రాసి చిట్టా జతచేస్తే అది వేరే మాట. ఆగిన వెంటనే పంపాలి. చిట్టాలో పాత రాతల మీద కొత్తవి పడుతూ పోతాయి, రేపు పంపితే ఇవాళ్టిది ఉండకపోవచ్చు. వ్యక్తిగత వివరాలు కూడా దాంట్లో పోవచ్చు కాబట్టి పంపేముందు ఏమేం జతవుతున్నాయో చూసుకోండి.

మన అక్షరంతోనే జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లో ఒక తెలుగు అక్షరం కనపడగానే మెసేజ్ యాప్ ఆగిపోవడం, నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే కుదేలవడం జరిగింది. "జ్ఞా" అక్షరం అని అందరూ అన్నారు. కానీ మనం మామూలుగా టైపు చేసే జ్ఞా కాదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి, ఆపైన దీర్ఘం. ఆ వరసలో ఉంటేనే ఫోన్ పడిపోయేది. ఫిబ్రవరి 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు, వార్తలకెక్కిన వారంలోపే. ఎందుకంత తొందరగా? లోపం పెద్దది, నిజమే. దానికి తోడు, ఎవరు ప్రయత్నించినా తమ కళ్ల ముందు మళ్లీ జరిపించి చూసుకోగలిగిన లోపం. "తెలుగు సరిగా రావడం లేదు" అని వెయ్యి మంది రాసినా ఆ పని జరగదు. ఈ అక్షరం, ఈ వరస, ఈ యాప్‌లో, పదికి పదిసార్లు అంటే జరుగుతుంది.

ఫోన్లలో 22 భారతీయ భాషల అక్షరాలు చదవగలిగేట్టు ఉండాలని ఐఎస్ 16333 అనే భారత ప్రమాణం మూడో భాగం చెబుతోంది. అయినా ఇప్పటికీ కొన్ని ఫోన్లలో బటన్ల మీద "స్త్రీ" అని ఉంటే కింద వత్తు తెగిపోతుంది. పాటల ప్లేయర్లలోనైతే ఫైలు పేరు తెలుగులో పెడితే డబ్బాలే కనపడతాయి. తెలుగు చదవలేని ఇంజినీరు ఆ తెగిన వత్తుని చూసినా తెగిందని గుర్తుపట్టలేడు. స్క్రీన్‌షాట్ తీసి, తెగినచోట సున్నా చుట్టి, పక్కన సరైన రూపం రాసి పంపాల్సింది మనమే. మన తరఫున ఇంకెవరూ చేయరు.

ఈ దారికున్న లోటు కూడా చెప్పాలి. చచ్చిన ఫోన్ రిపోర్టు పంపలేదు. జవాబు రాకపోవడమే ఎక్కువ. మా అమ్మలాంటి వాళ్లకి ఆ మెనూల్లోకి పోవడమే కుదరదు, ఇంట్లో పిల్లలు పూనుకోవాలి.

సోషల్ మీడియాలో కంపెనీ పేరు పెట్టి పోస్టు వేయడం గురించి ఎక్కువ చెప్పను. జవాబు తొందరగా వస్తుంది, అదీ చాలాసార్లు "మీ నంబరు మెసేజ్ చేయండి" అనే. కోపం కాకుండా కొలత పెట్టినప్పుడు మాత్రం దానికి బలం వస్తుంది. పాత ఐఫోన్లు నెమ్మదిస్తున్నాయని జనం చాన్నాళ్లు అంటూనే ఉన్నారు, ఎవరూ పట్టించుకోలేదు. 2017 డిసెంబరులో ఒకరు బ్యాటరీ మార్చకముందు, మార్చాక వేగం అంకెలు బయటపెట్టారు. వేల ఫోన్ల కొలతలతో గీసిన పటాలూ వచ్చాయి. పాతబడిన బ్యాటరీ ఉన్న ఫోన్లను తానే నెమ్మదింపజేస్తున్నానని ఆ నెలలోనే ఆపిల్ ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పు ధర తగ్గించింది. మన దగ్గర 6,500 రూపాయలది 2,000 అయింది.

1915 నంబరుకి ఫోన్ చేయడాన్నీ కొందరు ఫీడ్‌బ్యాక్ అనుకుంటారు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. సర్వీస్ సెంటర్ మొండికేసినప్పుడు అదే దారి. అక్కడా తెగకపోతే ఒంగోలులో, నెల్లూరులో జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. సమస్య వచ్చిన రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే ఊరి కమిషన్‌లోనే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు. అది మన హక్కు కోసం. తర్వాత తయారయ్యే ఫోన్ బాగుండాలంటే అది చాలదు.

నన్నడిగితే, ఫోన్ నడుస్తూ సాఫ్ట్‌వేర్‌లో తేడా ఉంటే లోపలి నుంచి పంపే రిపోర్టే మేలు, అదీ అదే నిమిషంలో. పిన్, బటన్, మైకు, బ్యాటరీ, ఇట్టా చేతికి తగిలేది చెడితే జాబ్ షీటే, రిమార్కులు రాయించుకుని. స్టార్లు ఎనిమిది నెలలు వాడాక వేయండి.

మరి మా అమ్మ ప్లేయర్? దానికి యాప్ లేదు, మా దరిదాపుల్లో సర్వీస్ సెంటరూ లేదు. అట్టపెట్టె దాచి ఉంచాను కాబట్టి బతికిపోయాను. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఫిర్యాదులకి ఫోన్, ఈమెయిల్ వేయాలని 2011 ప్యాకేజీ నిబంధనల్లో ఉంది. పెట్టె అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నాయవి. అందుకే చెబుతున్నా, పెట్టెలు పారేయబాకండి.

కూర్చుని రాశాను. మోడల్ పేరు, కొన్న నెల. సౌండు బటన్, పాట మార్చే బటన్ ఒకటే కావడం. అమ్మని కూర్చోబెట్టి ఇరవైసార్లు సౌండు పెంచమంటే పదమూడుసార్లు పాట మారిందన్న లెక్క. ఆ కొలత తీసిన వీడియో. ఆపేసి మళ్లీ వేస్తే ఆగినచోటు నుంచి కాకుండా మొదటి పాట నుంచి మొదలవడం. పాటలు పేర్ల వరసలో కాకుండా కార్డులోకి ఎక్కించిన వరసలో రావడం. సౌండుకి విడిగా తిప్పే చక్రం పెడితే చాలన్న సూచన. తెలుగులో రాసి, కింద ఇంగ్లిషులో కూడా అదే పెట్టాను.

పంపేముందు అమ్మకి చదివి వినిపించాను. మొత్తం విని, "పాటలు బాగా వినపడతన్నాయని కూడా రాయి నాయనా, అది మార్చేస్తారేమో" అంది. ఆ మాట నాకు తట్టనే లేదు. స్పీకర్ బాగుంది, అది మాత్రం మార్చవద్దు అని మొదటి వాక్యంగా చేర్చి పంపాను.