ఎడమ పక్క తెలుగు, కుడి పక్క ఇంగ్లీష్: అవ్వా మనవడూ కలిసి చదివే బైబిల్

మా అబ్బాయికి పదకొండేళ్లు. హైదరాబాద్‌లో ఇంగ్లీష్ మీడియం చదువు. తెలంగాణలో 2018 చట్టం వచ్చాక స్కూల్లో తెలుగు తప్పనిసరి కాబట్టి తెలుగు చదవగలడు. కానీ బైబిల్లో "సెలవిచ్చెను", "ఇట్లనెను" దగ్గరికి రాగానే ఆగిపోతాడు. మా అమ్మకేమో ఇంగ్లీష్ రాదు. నంద్యాల నుంచి మా దగ్గరికి వచ్చి రెండేళ్లయింది. ఆదివారం ఆమె తెలుగు ఆరాధనకు వెళ్తుంది, వాడు ఇంగ్లీష్ సర్వీసుకు. ఒకే ఇంట్లో ఉంటూ ఒక వాక్యం గురించి ఇద్దరూ మాట్లాడుకున్నది లేదు. నాకు అదే బెంగ. అందుకే ఈ తెలుగు-ఇంగ్లీష్ బైబిల్ కొన్నాను. ఎనిమిది నెలలుగా రోజూ రాత్రి కుటుంబ ప్రార్థనలో వాడుతున్నాం.

ప్రతి పేజీలో ఎడమ వరస తెలుగు, కుడి వరస ఇంగ్లీష్. తెలుగు మనకు అలవాటైన పాత అనువాదమే, అమ్మ చిన్నప్పటి నుంచి కంఠతా పట్టిన మాటలే. నేను కొన్నది ముఖ్యంగా దానికోసమే. వాడుక భాషలో వచ్చిన అనువాదాలు పిల్లలకు సులువే, కాదనను. కానీ అవ్వ నోట్లో ఉన్న మాట వాడికి అందకుండానే పోతుంది.

మొదటి వారం ఇరవై మూడో కీర్తన తీశాం. మావాడు ఇంగ్లీష్ వరసలో "ఐ షల్ నాట్ వాంట్" అని చదివి, "అంటే నాకు దేవుడు వద్దు అనా అమ్మా?" అన్నాడు. నిజంగానే అడిగాడు. ఎడమ పక్క చూడరా అన్నాను. అక్కడ "లేమి" అని ఉంది, అదీ తెలియదు. అవ్వను అడిగాడు.

"లేమి అంటే ఇంట్లో గింజ లేకపోవడం నాయనా" అంది అమ్మ. "మా నాయన ఉపదేశిగా ఉన్నప్పుడు జీతం రాని నెలలు ఉండేవి. మా పొయ్యి వెలగలేదని తెలిస్తే పక్కింటామె చేటలో జొన్నలు పోసి పంపేది. మేం ఒక్క రాత్రి కూడా పస్తు పడుకోలేదు."

వాళ్ల ముత్తాత ఉపదేశి అని, ఎండలో ఊరూరా నడిచి వాక్యం చెప్పేవాడని మా పిల్లలకు అప్పటిదాకా తెలియదు. నేనే ఎప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి ప్రార్థన ముగిసేసరికి పదిన్నర దాటింది.

ఇంకోసారి తిమోతికి రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయం. తిమోతి విశ్వాసం ముందు అవ్వ లోయిలో, తర్వాత తల్లి యునీకేలో ఉందని పౌలు అంటాడు. ఇంగ్లీష్‌లో "గ్రాండ్‌మదర్" అని చదివి ముందుకు వెళ్లిపోయాడు. తెలుగులో మా చిన్నది "అవ్వ" అన్న మాట పట్టుకుంది. వాళ్ల స్కూల్లో అందరూ అమ్మమ్మ, నానమ్మ అంటారు. మా సీమ ఇళ్లల్లోనే అవ్వ. "బైబిల్లో కూడా అవ్వేనా!" అని ఆ అక్షరాల మీద వేలు పెట్టి మళ్లీ మళ్లీ చదివింది.

యాప్‌లో రెండు భాషలూ ఫ్రీగా ఉంటే ఇంత లావు పుస్తకం ఎందుకని మా ఆయన అన్నాడు. ఫోన్ తీస్తే మెసేజ్ వస్తుంది, చెయ్యి అటే పోతుంది. పైగా ఇద్దరూ ఒకే పేజీ మీదికి వంగి కూర్చోవడం ఫోన్‌తో కుదరదు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ వాళ్లు తెలుగు నేర్చుకుని, ఆనందరాయరు అనే విశ్వాసి సాయంతో సువార్తలు అనువదిస్తే, 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అంత కష్టపడి మన భాషలోకి తెచ్చిన వాక్యం నా పిల్లల దగ్గరే ఆగిపోతుందంటే నాకు మనసొప్పదు.

లోపాలూ ఉన్నాయి. అక్షరాలు చిన్నవి. అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయింది, రాత్రిపూట ఇది చదవలేదు, పక్కన తన పెద్దక్షరాల బైబిల్ పెట్టుకుంటుంది. బరువెక్కువ, ఎనిమిదేళ్ల పిల్ల ఒళ్లో పెట్టుకోలేదు, దిండు మీద పెట్టి చదువుతుంది. తెలుగు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి ఇంగ్లీష్ వరసలో ఖాళీలు కనిపిస్తాయి. చివర ఉన్న మ్యాపుల్లో పేర్లు ఇంగ్లీష్‌లోనే ఉన్నాయి. మాకు మొదట వచ్చిన కాపీలో యెషయా గ్రంథంలో ఒక ఫారం, అంటే కలిపి కుట్టే పేజీల కట్ట, రెండుసార్లు కుట్టారు. షాపులో మారు మాట లేకుండా మార్చి ఇచ్చారు. కొన్న రోజే పేజీలన్నీ ఒకసారి తిప్పి చూసుకోండి. ధర ఏడొందల చిల్లర, జిప్ కవరు విడిగా కొన్నాం.

పుస్తకం తెచ్చి షెల్ఫులో పెడితే పిల్లలకు విశ్వాసం రాదు. మొదటి రెండు నెలలు మావాడు ఆవులిస్తూనే కూర్చున్నాడు. టీవీ కట్టేసి, పరీక్షల టెన్షన్ ఉన్న రోజు కూడా పావుగంట కూర్చోవాల్సింది మనమే. ఇప్పుడు వాడు తెలుగు చదువుతుంటే అమ్మ కళ్లు మూసుకుని వింటుంది. ఒక మాట వదిలేస్తే వేలెత్తుతుంది, వాడు వెనక్కి వెళ్లి చదువుతాడు.

మొదటి ఖాళీ పేజీలో ఇంటివాళ్ల పేర్లు, బాప్తిస్మం తేదీలు రాసుకునేవాళ్లు బాల్ పెన్ వాడండి, ఇంకు పెన్ను అవతలికి దిగుతుంది. మేం ఉపదేశి తాత పేరుతో మొదలుపెట్టాం. అమ్మ చెప్పింది, మావాడు తెలుగులో రాశాడు.