టెలి మానస్ 14416: ఫోన్ పెట్టేశాకే అసలు పని

ప్రభుత్వ ఫోన్ సహాయ నంబర్లు రెండున్నాయి: మానసిక ఆరోగ్యానికి 14416 (టెలి మానస్), మత్తు మాన్పించడానికి 14446. మొదటిది కేంద్ర ఆరోగ్య శాఖది, రెండోది సామాజిక న్యాయ శాఖది. తాగుడూ దిగులూ ఒకే మనిషిని పట్టుకున్నప్పుడు ఏది నొక్కాలి? మేమైతే ముందు 14416కే చేయమంటాం. అక్కడినుంచి సైకియాట్రిస్టు దాకా దారి ఉంది.

2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవ ఉచితం, రాత్రీ పగలూ నడుస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ముందు కౌన్సెలర్ వింటారు. అవసరమైతే నిపుణుడికి కలుపుతారు, నేరుగా చూడాల్సిన మనిషైతే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి పంపుతారు. ఓపికగా వినే మనిషి అర్ధరాత్రి దొరకడం చిన్న విషయం కాదు.

చేయి జారేది మూడో మెట్టు దగ్గర. “జిల్లా ఆసుపత్రికి వెళ్లండి” అనగానే ఫోన్ పెట్టేయకండి. ఏ ఆసుపత్రి, సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో, ఎన్ని గంటల దాకా, ఎవరిని కలవాలి? కాగితం మీద రాసుకోండి. తిరిగి ఎప్పుడు ఫోన్ చేస్తారో కూడా అడగండి. ఇవి తెలియకుండా బస్సెక్కితే ఓపీ లేని రోజున గేటు చూసి వెనక్కి రావాల్సి వస్తుంది. ఆ మనిషిని రెండోసారి బయల్దేరదీయడం చాలా కష్టం.

తాగుడు విషయమైతే చివరిసారి ఎప్పుడు తాగారు, రోజుకెంత, ఇదివరకు ఫిట్స్ వచ్చాయా, ఏ మాత్రలు వేసుకుంటున్నారు అన్నవి దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, లేనివి కనిపించడం మొదలవ్వచ్చు. అప్పుడు చేయాల్సింది 108కి. ఊళ్లో గ్లూకోజ్ సెలైన్ ఒక్కటే ఎక్కించి సరిపెట్టడం ప్రమాదం. ఒంట్లో బి1 విటమిన్ అడుగంటిన తాగుబోతుకు థయమిన్ (అదే బి1) ఇంజెక్షన్ కూడా పడాలి, లేదంటే మెదడు దెబ్బతింటుంది.

తెలంగాణలో ఇంకో చిక్కుంది. “కల్లు తప్ప ఏమీ తాగడు” అని ఇంట్లోవాళ్లు అంటారు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ అనే మత్తుమందులు కలుస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం పోటెత్తింది అందుకే. కాబట్టి కల్లు సంగతి దాచకండి. ఆ మత్తుమందును డాక్టరు కొద్దికొద్దిగా తగ్గిస్తూ రావాలి, ఒక్కరోజులో ఆపకూడదు.

ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్ పేరు ఎవరైనా చెబితే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్టర్ అయిందా, డాక్టరు రోజూ వస్తారా అని అడిగాకే డబ్బు కట్టండి. డిశ్చార్జి రోజున మందుల చీటీతో పాటు తర్వాత చూపించుకోవాల్సిన తేదీ కూడా రాయించుకోండి.