హోస్ట్స్ ఫైలా, డీఎన్ఎస్సా?

కంప్యూటర్లు ఒకదాన్నొకటి వెతుక్కునేది అంకెల అడ్రస్‌లతోనే. పేర్లు మన సౌకర్యం కోసం. ఆ పేరుకు అంకె ఏదో తేల్చడానికి రెండు దారులు: మన మెషీన్‌లోనే ఉండే, పేర్లూ వాటి అంకెలూ రాసుకునే హోస్ట్స్ ఫైలు, లోకమంతటికీ పనిచేసే డీఎన్ఎస్, అంటే డొమైన్ నేమ్ సిస్టమ్.

వయసులో హోస్ట్స్ ఫైలే పెద్దది. ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్ నెట్‌వర్క్ రోజుల్లో కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం ఒకే ఒక్క పట్టిక నడిపేది. కొత్త మెషీన్ వస్తే వాళ్లకు చెప్పాలి, మిగతావాళ్లంతా కొత్త కాపీ తెచ్చుకోవాలి. మెషీన్లు పెరిగేకొద్దీ అది తలకు మించిన పనైంది.

1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించి ఆ బరువును పంచేశాడు. ఎవరి పేర్లు వాళ్లే చూసుకోవాలి. తెలంగాణ.గవ్.ఇన్ ఎక్కడని అడిగితే అన్నిటికీ పైనుండే రూట్ సర్వర్ జవాబు చెప్పదు, ‘.ఇన్’ వాళ్లను అడగమంటుంది. వాళ్లు ఇంకొకరిని చూపిస్తారు. కొత్త ఊళ్లో ఇల్లు వెతుక్కున్నట్టే, సందు సందుకీ ఒకరిని అడగాలి. దొరికిన జవాబును కొంతసేపు దాచుకుంటారు కాబట్టి ప్రతిసారీ ఇంత తిరుగుడు ఉండదు. కానీ అడ్రస్ మారిస్తే పాత జవాబు కొన్ని గంటలు వెంటాడుతుంది, అదే దీనితో చిక్కు.

రోజువారీ వాడకానికి డీఎన్ఎస్సే, అందులో వాదన లేదు. కొత్త సర్వర్‌ను లోకానికి చూపించకముందు పరీక్షించాలంటే మాత్రం నేను హోస్ట్స్ ఫైల్లో ఆ పేరుకు కొత్త అంకె చూపే ఒక లైను రాస్తాను. మామూలుగా కంప్యూటర్ ముందు దాన్నే చూస్తుంది. తర్వాత ఆ లైను తీసేయడం మర్చిపోయి, సైటు పోయిందని ఒక పూటంతా టెన్షన్ పడ్డాను కూడా.