పాత ఆల్టెక్‌లకి యాక్టివ్ క్రాసోవర్: ఏళ్లుగా వాడాక

చిత్తూరులో మూతపడిన ఒక సినిమా హాలు నుంచి వచ్చిన ఆల్టెక్ ఏ7-800 స్పీకర్ల జత తిరుపతిలో మా ఇంట్లో ఉంది. కింద మోత పలికే 15 అంగుళాల వూఫర్, పైన సన్నటి శబ్దాలు పలికే 811 హార్న్ (బాకాలాంటిది, శబ్దం పుట్టించే డ్రైవర్ దాని వెనక ఉంటుంది). శబ్దం 800 హెర్ట్జ్ దగ్గర విడిపోయి కిందది వూఫర్‌కి, పైది హార్న్‌కి పోతుంది. అలా చీల్చేదే క్రాసోవర్. యాంప్ తర్వాత చీల్చే పాత పాసివ్ క్రాసోవర్ పక్కన పెట్టేసి, యాంప్‌లకి ముందే చీల్చే 24 డీబీ (ఆక్టేవ్‌కి 24 డెసిబెల్స్ చొప్పున కోసే) అనలాగ్ యాక్టివ్ క్రాసోవర్‌తో వూఫర్‌కి ఒక యాంప్, హార్న్‌కి ఇంకో యాంప్ పెట్టి ఏళ్లుగా వింటున్నాను. మళ్లీ పాతదానికి పోయే ప్రసక్తే లేదు. అయితే ఆ పాత పెట్టె శబ్దాన్ని చీల్చడంతో పాటు ఇంకో రెండు పనులు చూసుకునేది. కొత్తది వాటితో పాటు టైమింగ్‌నీ మన నెత్తిన పెడుతుంది.

మొదటిది హిస్. హార్న్ ఒక్క వాటుకే మీటరు దూరంలో 105 డెసిబెల్స్ దాటి పలుకుతుంది, వూఫర్‌కి అంత లేదు. పాత పెట్టెలో హార్న్‌ని తగ్గించి వూఫర్‌తో సమానం చేసే ఏర్పాటు ఉండేది, దాంతో యాంప్ హిస్ కూడా అణిగేది. డ్రైవర్‌ని నేరుగా యాంప్‌కి తగిలిస్తే, పాట ఆపాక కూడా రాత్రిపూట ‘స్స్’మంటూనే ఉంటుంది. క్రాసోవర్ మీది నాబ్ తిప్పితే పాట తగ్గుతుంది గానీ యాంప్ సొంత హిస్ తగ్గదు. తగ్గించాల్సింది యాంప్ తర్వాతే. నా డ్రైవర్ 16 ఓములది. వరుసలో 11 ఓముల రెసిస్టర్, డ్రైవర్‌కి సమాంతరంగా 7.5 ఓములది పెడితే 10 డెసిబెల్స్ తగ్గాయి. యాంప్ పవర్‌లో పదింట తొమ్మిది వంతులు వేడిగా పోతుంది. పోనీండి, ఇంట్లో ఈ హార్న్‌కి ఒక వాటు కూడా ఎక్కువే.

రెండోది డ్రైవర్ ప్రాణం. లోపలుండేది పల్చటి అల్యూమినియం డయాఫ్రం. పాసివ్ పెట్టెలోని కెపాసిటర్ డీసీని దాని దాకా రానిచ్చేది కాదు. అందుకే ఆ రెసిస్టర్లకి ముందు వరుసలో 50 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేశాను. 16 ఓములకి అది 200 హెర్ట్జ్ కింద అడ్డుపడుతుంది, 800 దగ్గర పెద్దగా జోక్యం చేసుకోదు. ఏసీ మెకానిక్‌లు వాడే రన్ కెపాసిటర్ చాలు. గాలివాన వస్తే మాకు కరెంటు పోయి వస్తుంటుంది. వచ్చినప్పుడు క్రాసోవర్, యాంప్‌లు ఒకేసారి ఆన్ అయితే హార్న్‌లో ‘ఠప్’మంటుంది. యాంప్‌లు రెండిటికీ బోరు మోటారుకి పెట్టే స్టార్టరు పెట్టించాను. కరెంటు వచ్చినా పచ్చ బటన్ నొక్కేదాకా అవి లేవవు.

ఇక టైమింగ్, అంటే వూఫర్, హార్న్ శబ్దాలు చెవికి ఒకేసారి చేరడం. ఎక్కువ కష్టం ఇక్కడే, ఫలితమూ ఇక్కడే. నాదస్వరం, డోలు చెవిన పడకుండా రోజు గడవని ఊరు మాది, అందుకే పరీక్షకి డోలు రికార్డింగే పెడతాను. ఒక వైపు పుల్లతో, ఇంకో వైపు వేళ్లకి గట్టి తొడుగులు వేసుకుని వాయిస్తారు. పుల్ల దెబ్బలోని గుమ్మనే మోత వూఫర్‌ది, తొడుగుల టకటక ఎక్కువగా హార్న్‌ది. హార్న్ చోటు తప్పితే ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది. 800 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 43 సెంటీమీటర్లు. అందులో సగం తేడా వస్తే సరిగ్గా విడిపోయే చోట రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతు అక్కడే పల్చబడుతుంది.

నా అనలాగ్ క్రాసోవర్‌లో డిలే (శబ్దాన్ని కాస్త ఆలస్యం చేసే ఏర్పాటు) లేదు కాబట్టి హార్న్‌నే జరపాలి. ముందు రెండు డ్రైవర్ల మాగ్నెట్లు పైనా కిందా ఒక వరసలో ఉండేలా కంటితో చూసుకోండి. హార్న్ వైర్లు తిరగేసి, 800 హెర్ట్జ్ టోన్ పెట్టి, కూర్చునే చోట ఫోన్ మీటరులో శబ్దం బాగా పడిపోయేదాకా హార్న్‌ని రవ్వంత రవ్వంత జరపండి. తిరగేసినప్పుడు బాగా కొట్టేసుకున్నాయంటే, సరిగ్గా కలిపితే బాగా కలుస్తాయన్నమాట. తర్వాత వైర్లు మళ్లీ మామూలుగా కలపండి. ఇంజనీరు లింక్‌విట్జ్ 1976లో ప్రచురించిన క్రాసోవర్ పద్ధతిలో 24 డీబీకి రెండు డ్రైవర్లూ ఒకే ఫేజ్‌లో (ఒకేసారి ముందుకీ వెనక్కీ కదిలేలా) కలవాలి, 12 డీబీకి ఒకదాని వైర్లు తిప్పాలి. అందుకే పాత పెట్టెలోని కలుపులు చూసి అలాగే కలపొద్దు.

50 హెర్ట్జ్ హమ్ వస్తే అన్నిటికీ ఒకే బోర్డు నుంచి కరెంటివ్వండి. ఎర్త్ వైరు మాత్రం తీయకండి.

ఇవన్నీ కుదిరాక బాస్ బిగువుగా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుంది. వూఫర్ యాంప్ ఎంత తన్నుకున్నా హార్న్ శుభ్రంగా పాడుతుంది. అయితే 1970ల నాటి ఇంటి మూడు-వే (శబ్దాన్ని మూడు డ్రైవర్లకి పంచే) స్పీకర్లకి ఈ పని నేను చెప్పను. వాటి క్రాసోవర్లలో ఆ డ్రైవర్ల లోపాల సవరణ కలిసే ఉంటుంది. కొలత మైకు లేకుండా దాన్ని తిరిగి కట్టలేం. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చి అలాగే వినండి.