చిన్న వాంకెల్ ఇంజన్, తొమ్మిదేళ్ల నూనె మరకలు

ఈ ఇంజన్ కొన్న మొదటి సంవత్సరంలో నేను దాన్ని నడిపిన సమయం కంటే తుడిచిన సమయమే ఎక్కువ. మోడల్ విమానానికి బిగించే, పిస్టన్‌కు బదులు రోటర్ తిరిగే, ఐదు సీసీల లోపు గ్లో ప్లగ్ (వేడి తీగతో ఇంధనాన్ని అంటించే ప్లగ్) వాంకెల్ ఇంజన్ ఇది. గుంటూరులో ఇటువంటిది విప్పి చూసినవారెవరూ నాకు దొరకలేదు కనుక, ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమన్నట్లు, నా అనుభవమే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ప్రపంచ యుద్ధకాలపు నోమ్, ల రోన్ అనే విమాన ఇంజన్లలో సిలిండర్లే ప్రొపెల్లర్‌తో కలిసి తిరిగేవి. అందులో కందెనగా పోసిన ఆముదం మళ్లీ వాడకానికి రాక పొగతో బయటికే పోయేది. వాంకెల్ అలా కాదు. 1958లో జర్మనీలోని ఎన్‌ఎస్‌యూ సంస్థలో తొలిసారి నడిచిన ఈ రకంలో ముక్కోణపు రోటర్ మాత్రమే తిరుగుతుంది, దాని చుట్టూ ఉన్న లోహపు పెట్టె కదలదు. నా ఇంజన్‌లో నూనెను ఇంధనమైన మిథనాల్‌లోనే కలుపుతాము కాబట్టి సైలెన్సర్ నుంచి నూనె రావడం సహజమే. పెట్టె అతుకుల నుంచి రావడం మాత్రం సహజం కాదు.

ఎక్కడ కారుతోందో కంటితో పట్టుకోవడం కష్టం, ప్రొపెల్లర్ గాలికి అంతా వెనక్కి పాకుతుంది. ఇంజన్‌ను మిథనాల్‌తో కడిగి, ఆరబెట్టి, ముఖానికి రాసుకునే పౌడర్ పలుచగా చల్లి అర నిమిషం నడిపాను. పక్క పలకకూ నడిమి పెట్టెకూ మధ్య, ఎగ్జాస్ట్ ఉన్న వైపు మాత్రమే, పౌడర్ తడిసి సన్నని గీత పడింది.

అప్పుడు నేను చేసిన తప్పు, అతుకుల సందు మూసే గాస్కెట్ పేస్ట్ రాయడం. కారడం ఆగింది, దానితో పాటు బలమూ పోయింది. రోటర్‌కు పక్కల ఉండవలసిన సందును ఆ అతుకే నిర్ణయిస్తుంది. అక్కడ వెంట్రుకంత మందం చేరినా సందు పెరిగి కంప్రెషన్ (లోపలి మిశ్రమంపై ఒత్తిడి) జారిపోతుంది. పేస్టంతా గీకడానికి నాకు రెండు ఆదివారాలు పట్టాయి.

అసలు కారణం వేడి. పిస్టన్ ఇంజన్‌లో ఒకే చోటికి చల్లని మిశ్రమమూ మంటా వంతులవారీగా వస్తాయి. వాంకెల్‌లో మంట ఎప్పుడూ ఒక వైపునే ఉంటుంది, ఆ వైపు అల్యూమినియం ఎక్కువగా వ్యాకోచించి స్టీలు స్క్రూలను లాగుతుంది, చల్లారాక అవి కాస్త వదులవుతాయి. నేను స్క్రూ రంధ్రాల అంచున లేచిన పొరను మాత్రమే తీసి, ఏ పేస్టూ లేకుండా, ఎదురెదురు స్క్రూలను మూడు విడతల్లో బిగించాను. ప్రతి పది ఎగరవేతలకు, పూర్తిగా చల్లారాకే, మళ్లీ సరిచూస్తాను. ఆ అతుకు నుంచి తర్వాత చుక్క రాలేదు.

ప్రొపెల్లర్ వైపు బేరింగ్‌ను విజయవాడ ఆటోనగర్‌లో కొన్న, ఒక పక్క రబ్బరు మూత ఉన్న బేరింగ్‌తో మార్చాను. నూనె విషయంలో, ఇంట్లో ఉంది కదా అని వంటాముదం ఒకసారి కలిపాను. రోటర్ అంచు సీళ్లు గోధుమరంగు బంకతో అతుక్కుపోయాయి, మా అమ్మ మాత్రం ఆ వాసనకు పెరట్లో ఎవరో ఆముదం కాస్తున్నారనుకుంది. ఇప్పుడు జిగురు తీసిన ఆముదమే వాడుతున్నాను.

మినుము కోసేసిన చేలలో ఎగరవేసి ఇంటికి తెచ్చాక రెక్క మీద ఇప్పటికీ ఒక మరక ఉంటుంది. అది కార్బ్యురేటర్ అడుగున ఉన్న రబ్బరు రింగుది. రెండేళ్లకోసారి రింగు మారుస్తున్నాను, ఈ మార్చి నెలలో కూడా మార్చాలి.